ఆదివారం మేలుకున్న మొగుడు

మా ఇంట్లో మంచం ఎప్పుడూ చల్లారదు. అపార్థం చేసుకోకండి. పొద్దున మా ఆవిడ లేచి వెళ్ళిన చోట నేను పడుకుంటాను, సాయంత్రం నేను లేచి వెళ్ళిన చోట ఆవిడ పడుకుంటుంది. తొమ్మిదేళ్ళ కాపురంలో మా రెండు తలలూ ఒకేసారి ఆ దిండు మీద చేరి, రెండూ మేలుకుని ఉన్న పాపాన పోలేదు.

నేను ఒక దినపత్రికలో ప్రూఫ్‌రీడర్ని. దీపాలు పెట్టే వేళకి వెళ్ళి తెల్లారి ఇంటికొస్తాను. ఆఫీసులో నన్ను కామాగారంటారు, దాన్ని వదలనని. ఒకప్పుడు నాకు జోడీగా ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పైకి చదువుతుంటే నేను దిద్దేవాణ్ణి. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో నా చేతిసంచీ కూచుంటోంది. నేనే చదువుకుంటాను, నేనే వింటాను. ఒక్కోరోజు మా ఇద్దరికీ పడదు కూడా.

మా ఆవిడ పెద్దాస్పత్రిలో, కంటి విభాగంలో నర్సు. పగటి డ్యూటీ. రోజుకి నలభై మంది కళ్ళల్లో చుక్కలు వేయడం, కంటిపాపలు పెద్దవయ్యాయో లేదో టార్చి వేసి చూడటం ఆవిడ పని. ఊళ్ళో వాళ్ళందరి కళ్ళల్లోకీ చూసే మనిషి, మొగుడి కళ్ళు మాత్రం మూసినవే చూసింది.

మేం మాట్లాడుకునేది ఫ్రిజ్ తలుపు మీద, చీటీల్లో.

"పాలు పొంగాయి. పొంగించింది నేను. తుడవాల్సింది మీరు," అని ఆవిడ రాస్తుంది.

"గ్యాస్ అయిపోయింది. నేనింకా ఉన్నాను," అని నేను రాస్తాను.

ఆవిడకి సెలవు ఆదివారం. నాకు మంగళవారం. ఆదివారం పగలంతా నేను దుంగలా పడుంటాను. మంగళవారం రాత్రంతా నేను వంటింట్లో కూచుని, ఆవిడ నిద్ర చెడకుండా చెంచా కూడా మెల్లిగా కలుపుకుంటాను.

ఒక ఆదివారం సాయంత్రం నేను లేచి టీ తాగుతుంటే ఆవిడంది:

"ఏమండీ, మన పడకగది కప్పుకి ఇరవై ఏడు బీటలున్నాయి, తెలుసా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? మీ పక్కన పడుకుని నేనే లెక్కపెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు చాలా పొడుగండీ."

"సున్నం వేయిద్దాంలే," అన్నాను.

ఆవిడ నావైపు ఒక్క చూపు చూసి, టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట సున్నం గురించి కాదని రెండు రోజులకి, అదీ బస్సులో, నాకు వెలిగింది.

వచ్చే ఆదివారం మా పెళ్ళిరోజు. అప్పుడే నా బుర్రలో పథకం మొలిచింది. ఆ రోజు పగలంతా నేను మేలుకుని ఉంటాను! తొమ్మిదేళ్ళ మాటలు ఒక్కరోజులో మాట్లాడేస్తాను!

సంకల్పం గట్టిదే గానీ రెప్పలు నా మాట వినవు. అందుకని మేలుకొలుపుని పట్టుకున్నాను. పత్రిక కట్టల్ని వ్యానులో ఊరూరా చేరవేసే డ్రైవరతను. నిద్రపోగా చూసినవాడు లేడు గనక ఆ పేరు. వ్యానుకి చేరబడి నిలబడ్డవాడు, నా కథ విని, కాగితంలో చుట్టిన మాత్ర ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇది పడితే ఏనుగు కూడా ఎగురుతుంది, కామాగారూ."

"ఏనుగెందుకు ఎగరాలి?"

"అది ఏనుగునడగాలి. నేను మాత్రం ఆరేళ్ళుగా దీని మీదే నడుస్తున్నా. మొన్న మలుపులో ఓ ముసలమ్మ చెయ్యెత్తింది. సడన్ బ్రేకేశా. దిగి చూస్తే ఎవరూ లేరు!"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక అతనన్నాడు, "నిజంగా ఉంటే బావుణ్ణనిపించింది గురూగారూ. అంత దూరం ఒక్కణ్ణే పోతుంటా కదా. ముసలమ్మైతేనేం, ఎక్కితే ఏదో ఒకటి మాట్లాడేది."

ఆ మాత్ర ఏమిటని నేనడగలేదు. అడగనవసరం కూడా లేదు. మా ప్రెస్సులోనే ఆ నెల ఒక వైద్య పుస్తకం అచ్చయింది. అందులో పన్నెండో అధ్యాయం, 'ఉత్తేజక మందులు: చరిత్ర, ప్రభావాలు, ప్రమాదాలు'. మూడు ప్రూఫులూ నేనే చూశాను. ఒక్క కామా జారిపోలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా ఆఫీసు మెట్ల మీదే దాన్ని మింగి ఇంటికొచ్చాను.

తలుపు తీసి మా ఆవిడ, "వచ్చారా? పడుకుందురుగాని రండి," అంది. ఎప్పుడూ లేనిది తనూ ఇంకా స్నానం చేయలేదు, పక్క ఎత్తలేదు, కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టింది.

"ఇవాళ నేను పడుకోను!" అన్నాను, రాజ్యం ఇచ్చేస్తున్నవాడిలా.

"పడుకోరా? అయ్యో, నేను మీకో మాట చెప్పాలనుకుంటే..."

"చెప్పు! తీరిగ్గా చెప్పు! అంతకంటే ముందు నేనొక చిన్నమాట చెప్తాను."

ఆ చిన్నమాట తొమ్మిదింటికి అయింది.

మధ్యలో కిటికీ దుప్పట్లు పీకి ఉతికాను. డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాను. 'పంచదార' అన్న డబ్బాలో ఉప్పుందని ఆవిడ చెప్పబోతే, డబ్బా తప్పు గానీ అక్షరం తప్పు కాదన్నాను. మంట సరిగా రావటం లేదని స్టవ్వు విప్పి మళ్ళీ బిగించాను. రెండు మరలు మిగిలాయి. అంటే కంపెనీవాడికన్నా రెండు మరలు తక్కువతో స్టవ్వు చేసిన మొనగాణ్ణి నేను.

"ఏమండీ, రేపట్నుంచి నేను..."

"రేపటి సంగతి రేపు! ఇవాళ మనిద్దరం!"

"కాస్త తినండి."

"ఆకలెక్కడిది?"

"పోనీ నీళ్ళు తాగండి, పెదాలు ఎండిపోయాయి."

"మాట్లాడేవాడి పెదాలు ఎండక తడుస్తాయా?"

ఆవిడ దగ్గరకొచ్చి నా గడ్డం పట్టుకుని కళ్ళల్లోకి చూసింది. వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూసింది. తొమ్మిదేళ్ళకి కలిగిన అనురాగం కదా అని నేను కదలకుండా నిలబడ్డాను. ఆవిడ చేతిసంచీలో ఏవో సర్దుకుని, "బయటికెళ్దామన్నారుగా, పదండి," అంది.

పార్కుకని బయల్దేరాం. వీధి మలుపులో టైలరు కొట్టుంది. బోర్డు మీద 'కుట్టబడును' అన్న మాటలో ఒక 'ట' వత్తు లేదు. ఇన్నేళ్ళూ దాన్ని క్షమించాను. ఆ రోజు క్షమించలేకపోయాను. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి స్టూలెక్కాను.

"ఓ అయ్యా! ఏం చేస్తున్నావు?" అని టైలరు మెళ్ళో టేపుతో బయటికొచ్చాడు.

"వత్తు పెడుతున్నా."

"పదిహేనేళ్ళుగా వత్తు లేకుండానే కుడుతున్నా. ఒక్క కుట్టు ఊడలేదు. దిగు!"

"అక్షరానికి అంగీకి ఉన్నంత మర్యాద కూడా లేదా?"

"అమ్మా, మీ ఆయన్ని దింపుతారా, నన్ను కొలతలు తియ్యమంటారా?" అన్నాడతను మా ఆవిడతో.

స్టూలు దిగి నడక మొదలుపెట్టాను. ఆనందంలో నడక కూడా తెలియలేదు. పుస్తకాల గురించి చెప్పాను. చిన్నప్పుడు తప్పిపోయిన గొర్రెపిల్ల గురించి చెప్పాను. మా జోడీ పెద్దాయన గొంతు ఎలా ఉండేదో అనుకరించి చూపించాను. "నువ్వు లేని ఇల్లు నాకెలా ఉంటుందో తెలుసా? దిండు మీద నీ తల గుంట పోతుందేమోనని నేను దిండు అంచునే తల పెట్టుకుంటాను," అన్నాను. అది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట. ఏమంటుందోనని పక్కకి తిరిగాను.

పక్కన ఎవరూ లేరు.

ముందు లేరు, వెనక లేరు. ఎదురుగా ఒక తపాలా డబ్బా నోరు తెరుచుకుని నా మాటలు వింటోంది. ఏ మలుపులో వదిలేశానో, ఎంతసేపైందో తెలియదు. ఆవిడ కోసం మేలుకుని, మెలకువలోనే ఆవిణ్ణి పోగొట్టుకున్నాను.

అప్పుడు వినిపించింది నా గుండె. ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టుంది. మాత్ర వేసుకున్న దగ్గర్నుంచీ అది బాదుతూనే ఉంది కాబోలు, నేను మాట్లాడుతుండటం వల్ల వినపడలేదు.

నాలుగు వీధులు వెనక్కి వచ్చాక, బస్‌స్టాపు బల్ల మీద కనపడింది. చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని కూచుంది.

"వచ్చారా? మీ వెనక పరుగెత్తే ఓపిక లేక ఇక్కడాగాను. తిరిగొస్తారని తెలుసు. రండి, చెయ్యివ్వండి."

ఇచ్చాను. మణికట్టు పట్టుకుని, తన గడియారం చూసుకుంటూ కూచుంది. ఒక నిమిషం. వదల్లేదు. రెండో నిమిషం. ఆవిడ అంతసేపు నా చెయ్యి పట్టుకోవడం పెళ్ళిపీటల తర్వాత అదే.

"రోజూ నలభై మందికి నేను చుక్కలు వేస్తే పెద్దవవుతాయి పాపలు. మీకు చుక్కలెవరేశారండీ?"

నేను చెప్పులవైపు చూశాను.

"మొన్న మీరు వంటింట్లో దిద్దిన పుస్తకంలో పన్నెండో అధ్యాయం నేనూ చదివాను. గుర్తుందా?"

"ఒక్క తప్పు లేదు అందులో!"

"తప్పుల సంగతి కాదు. అందులో ఏముంది?"

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఏ కాలంలోనో కొండల మీద మనుషులు ఆకులు నమిలి అలుపు మరిచిపోయారు. తర్వాత కాఫీ, టీ. ఆ తర్వాత ప్రయోగశాలలో పుట్టిన మందొకటి ముక్కుదిబ్బడకి పీల్చుకోమని అమ్మారు. ముక్కు తెరుచుకుంది, కళ్ళు మూతపడటం మానేశాయి. అది చూసి యుద్ధంలో సైనికులకిచ్చారు. యుద్ధమయ్యాక, లావు తగ్గమని ఆడవాళ్ళకిచ్చారు. పరీక్షలకి విద్యార్థులు, దూరాలకి డ్రైవర్లు తామే వెతుక్కున్నారు. కొన్ని జబ్బులకి డాక్టరు కొలిచి ఇస్తే ఇప్పటికీ మందే.

"ముక్కుదిబ్బడతో బయల్దేరి మన పెళ్ళిరోజు దాకా వచ్చిందన్నమాట. ప్రభావాలు చెప్పండి."

"నోరెండుట. ఆకలి చచ్చుట. పళ్ళు కొరుకుట. ఆపకుండా మాట్లాడుట. కంటిపాపలు..." ఆగాను.

"ఆగారేం?"

"...పెద్దవగుట."

"ప్రమాదాలు?"

"అలవాటు పడుట. నిద్ర చెడుట. వాడగా వాడగా లేనివి కనపడుట." ముసలమ్మ గుర్తొచ్చి నా గొంతు తగ్గింది. "కొందరిలో గుండె ఆగుట."

"ఆగుట తర్వాత ఏముంది?"

"ఫుల్‌స్టాప్."

మూడుసార్లు చదివాను ఆ పేజీని. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి గనక అర్థంతో నాకు పని పడలేదు.

"లేవండి. నిమిషానికి నూట ముప్ఫై ఆరు కొట్టుకుంటోంది. ఆస్పత్రికి."

"పెళ్ళిరోజు కదే..."

"పెళ్ళిరోజులు లెక్కపెట్టుకోవడానికి మొగుడుండాలి. పదండి."

అత్యవసర వార్డులో నా ఛాతీకి తీగలు తగిలిస్తుంటే, అక్కడి నర్సు మా ఆవిణ్ణి చూసి, "ఏంటక్కా, రేపు రాత్రి కదా చేరాల్సింది? ముందే పేషెంటుని తెచ్చుకున్నావా?" అంది.

"ఎక్కడ చేరాలి?" అన్నాను తీగల మధ్యనించి.

మా ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఇక్కడే. రాత్రి డ్యూటీకి. ఆరు నెలలుగా అడుగుతుంటే నిన్న ఒప్పుకున్నారు. ఇకమీదట మీరు పడుకునేటప్పుడు నేనూ పడుకుంటాను, మీరు లేచేటప్పుడు నేనూ లేస్తాను. ఇవాళ మీతోపాటు పగలు పడుకుని అలవాటు చేసుకుందామని దుప్పట్లు కట్టాను. మీరు పీకి ఉతికారు."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఇప్పటికి నాలుగుసార్లు చెప్పబోయాను. మీ చిన్నమాట అవ్వందే!"

దాక్కుందామంటే ఛాతీ మీద తీగలున్నాయి. కళ్ళు మూసుకుందామంటే అవి మూతపడవు. తీగలు తీసేదాకా, సాయంత్రం వరకూ, ఆవిడ ఆ స్టూలు మీంచి లేవలేదు. ఈలోగా మాత్ర ఇచ్చిన మేలుకొలుపు సంగతీ, తపాలా డబ్బా సంగతీ నా చేత చెప్పించింది.

మంగళవారం దాకా ఆఫీసుకి సెలవు చెప్పి ఆ రాత్రి పడుకున్నవాణ్ణి మర్నాడు సాయంత్రానికి గానీ లేవలేదు. ఆవిడ మొదటి రాత్రి డ్యూటీకి వెళ్ళడం నేను చూడనే లేదు. ఫ్రిజ్ మీద చీటీ ఉంది. "ఆ డ్రైవర్ని రేపు మా వార్డుకి పంపండి. మందు మాన్పించాలి. మానేదాకా మీరు వెళ్ళి కాస్త మాట్లాడుతుండండి. మాట్లాడటం మీకెలాగూ వచ్చు." పంపాను. మేలుకొలుపు అక్కడి మంచం మీద వారం రోజులు నిద్రపోయాడు. రోజూ వెళ్ళి పక్కన కూచునేవాణ్ణి. మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. అయినా వెళ్ళినట్టు అతనికి తెలిసేది.

అదే వారం, గురువారం తెల్లవారాక, నేను ఆఫీసు నుంచి, ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంచుమించు ఒకేసారి గుమ్మం ఎక్కాం. తాళంచెవులు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి. ఎవరు తీయాలో కాసేపు తెలియలేదు. దుప్పట్లు మళ్ళీ కట్టి ఉన్నాయి. దిండు మీద రెండు తలలూ చేరాయి.

"చెప్పండి, ఆ రోజు తపాలా డబ్బాకి ఏం చెప్పారు?" అంది ఆవిడ. నేను సర్దుకుని నోరు తెరిచేలోపు నిద్రపోయింది.

నాకు మాత్రం నిద్ర రాలేదు. ఆ మాత్ర చెడగొట్టిన నిద్ర ఇంకా దారికి రాలేదు. పక్కన మనిషుంది, ఊపిరి వినిపిస్తోంది, చెయ్యి చాపితే అందుతుంది. అయినా ఇల్లంతా ఖాళీగా ఉంది. ఇలాంటి మధ్యాహ్నాలు ఆవిడ ఎన్ని గడిపిందో లెక్కేయబోయి, భయమేసి మానేశాను. వెల్లకిలా తిరిగి బీటలు లెక్కపెట్టాను.

ఇరవై ఆరు.

నా వృత్తి మీద నమ్మకంతో గోడ మూల నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మూడో ప్రూఫు కూడా చూశాను. ఇరవై ఆరే. తొమ్మిదేళ్ళకి ఆవిడలో ఒక తప్పు దొరికిందన్న సంతోషంతో, "ఇరవై ఆరేనే!" అని గొణిగాను.

"ఫ్యాను వెనకాల ఒకటుంది," అంది మా ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "పడుకోండి."