పాత పెయింట్

ఆ పొద్దున గుల్నాజ్ అనుకున్న పని ఒక్కటే. కూతురు సుమేరా ఫొటోకు వెనకంతా తెల్లగా చేయించి, గురుకులం ఐదో తరగతి దరఖాస్తుకు జతచేయాలి. సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. తన చదువు ఏడుతో ఆగిపోయింది. పిల్లదన్నా ఆగకూడదని వారంగా ఆమెకు అన్నం సరిగ్గా దిగడం లేదు. భర్త ఖాలిద్‌కు మాత్రం బాగానే దిగుతోంది. సారపాకలో జిరాక్సు, ఫొటోల షాపు అతనిది. గోదావరికి ఈ పక్కన తనంత కంప్యూటర్ తెలిసినవాడు లేడని నమ్మకం. ఆ నమ్మకం ఉన్నది అతనొక్కడికే.

కంప్యూటర్‌తో పాటే వచ్చే పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాం ఈమధ్య కొత్తగా మారింది. ఒక్క నొక్కు నొక్కితే ఫొటో వెనకున్నదంతా తానే చెరిపేస్తుంది. అదే ఖాలిద్‌కు గిట్టలేదు.

"అన్నీ అదే చేస్తే నేనెందుకు?" అన్నాడు.

గుల్నాజ్‌కు కూడా అప్పుడప్పుడు అదే సందేహం. "సుమేరా వాళ్ల అబ్బా, ముందు ఫొటో చేయండి. తర్వాత ఏమన్నా పీకుకోండి."

"రెండు నిమిషాల పని. నీకు తెల్వదు, ఊకో."

కొత్తదాన్ని పీకేసి, ఖమ్మంలోని దోస్తు హఫీజ్‌కు ఫోన్ చేశాడు. సిగ్నల్ లేక వీధంతా వినిపించేలా అరిచాడు. "కొత్త పెయింట్ నాకొద్దురా. పాత పెయింటే ఎక్కిస్త. పాతదే గట్టిది. జల్దీ పంపు."

పక్క వాకిట్లో, షాపు గదిని అద్దెకిచ్చిన ఓనర్ ప్రభాకర్ పళ్లు తోముకుంటున్నాడు. గోడలకు రంగు వేయించమని ఖాలిద్ రెండేళ్లుగా అడుగుతుంటే ఆయనకు వినిపించలేదు. 'పాతదే' అన్న మాట మాత్రం చక్కగా వినిపించింది. తన ఇంటికి వేయగా మిగిలిన తెల్లరంగు సగం డబ్బా మెట్ల కింద మూలుగుతోంది మరి.

హఫీజ్ పంపిన పాత పెయింట్ కంప్యూటర్లోకి ఎక్కింది. ఫొటో వెనక తెల్లరంగు పోస్తే అది సుమేరా చెవి మీదికి పాకింది. మళ్లీ పోస్తే చెంప పోయింది.

"పోనీ కొత్తదే మళ్లీ తెచ్చుకోండి," అంది గుల్నాజ్.

మధ్యాహ్నానికి దానికీ దిగాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టింది తనే. ఏం పెట్టాడో గుర్తులేదు.

"ఇంకో షాపుకు పోదాం."

"నా షాపు పెట్టుకొని ఇంకోని షాపుకా? ఇజ్జత్ ఉంటదా?"

అప్పుడే గోడలకు రంగులేసే బిచ్యా డబ్బా, బ్రష్షు పట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు. "ఓనర్ సారు పంపిండు. మొత్తం ఎక్కించాల్నా, ఒక్క గోడకేనా?"

ఖాలిద్ వెనక్కి తిరగలేదు. ఇంకేవన్నా ఫొటో ప్రోగ్రాములుంటే నెట్‌లో పెట్టమని ఫోన్లో హఫీజ్‌తో అంటున్నాడు. "మొత్తం ఎక్కించు. ఏదీ మిగల్చకు."

బిచ్యా తల ఊపి పనిలోకి దిగాడు. ఖాలిద్ తల్లి బేగం, ఓనర్‌కు ఇన్నాళ్లకు బుద్ధి పుట్టిందని సంబరపడి, ఇంట్లోని తెల్లదుప్పట్లన్నీ తెచ్చి మిషన్ల మీద కప్పింది. కంప్యూటర్ మీద కూడా కప్పబోతే తప్ప కొడుకు తల ఎత్తలేదు.

"ఏందమ్మీ ఇది?"

"నువ్వే కదరా పొద్దున్నుంచి పాత పెయింట్, పాత పెయింట్ అని ఒర్రుతున్నవ్."

ఖాలిద్ బిచ్యా మీద, బిచ్యా ఓనర్ మీద, ప్రహరీ మీదినుంచి ఓనర్ ఖాలిద్ మీద అరుచుకున్నారు. గడియారం నాలుగు దాటింది. గుల్నాజ్ మాత్రం గోడనే చూస్తోంది. డబ్బాలో ఉన్నది ఒక్క గోడకే సరిపోయింది. అది తెల్లగా, మచ్చ లేకుండా ఉంది.

"సుమేరా, ఇటు రా. గోడకు ఆనకుండ నిలబడు."

తన ఫోన్‌తో ఒక్క ఫొటో తీసింది. రెండు చెవులూ, రెండు చెంపలూ ఉన్నాయి. అదే ఫోన్లో దరఖాస్తు పంపింది. నాలుగూ నలభైకి అందినట్టు మెసేజ్ వచ్చింది. పొద్దుటినుంచి ఆమె మొదటిసారి మంచినీళ్లు తాగింది.

హఫీజ్ మళ్లీ ఫోన్ చేశాడు. "పనైందారా?"

"కాకేమైతది?" అన్నాడు ఖాలిద్ కాళ్లు చాపుకొని. "పాత పెయింటే గట్టిదని పొద్దుగాలనే చెప్పిన. ఈడ ఎవరు వింటరు?"

సుమేరా జడకంటిన రంగును గుల్నాజ్ తడిగుడ్డతో రుద్దుతూ ఉంది. అది నిజంగానే గట్టిది, వారమైనా పోలేదు.