బేరూత్ డైరీలో ఒక మాట

ద్రాక్షాకుల్లో అన్నం కూరి చుట్టిన దోల్మా గిన్నెను సన్నటి సెగ మీద పెట్టి, పదింటికి పక్కింటికి వెళ్ళి తలకు గోరింటాకు పెట్టించుకుని, పదకొండున్నరకి కడిగేసుకుని, పన్నెండింటికి నజ్లా వచ్చేసరికి ఒక ఆరేళ్ళయినా వయసు తగ్గి కనిపించాలన్నది బదరియా ఆ ఉదయం వేసుకున్న పథకం. తగ్గవలసినవి అరవై ఏళ్ళు. కానీ గోరింటాకు చేయగలిగింది గోరింటాకు చేస్తుంది.

నజ్లా బేరూత్ మనిషి. కొడుకు ఏదో పని మీద బాగ్దాద్ వస్తుంటే తనూ రెండు రోజులకని వెంట వచ్చింది. మూడింటికి కారు వచ్చి విమానాశ్రయానికి తీసుకుపోతుంది. అంటే అరవై ఏళ్ళకీ కలిపి మూడు గంటలు. బదరియా వారం రోజులుగా ఈ లెక్క వేస్తూనే ఉంది. ఎన్నిసార్లు వేసినా మూడే వస్తోంది.

తండ్రికి బేరూత్‌లో ఉద్యోగం కావడంతో ఆమె పదమూడో ఏట అక్కడి కొండ మీద హాస్టల్ బడిలో చేరింది. పక్క మంచం నజ్లాది. రెండేళ్ళు గడిచాక, పంతొమ్మిది వందల యాభై ఎనిమిది జూలైలో, బాగ్దాద్‌లో రాజును కూలదోశాక, ఉన్నపళంగా అక్కడికి బయల్దేరమని తండ్రి కబురు పంపాడు. ఆ సంగతి నజ్లాకి చెప్పడానికి బదరియాకి నోరు రాలేదు. మర్నాడు ఉదయం మెట్ల మీద, చేతిలో పెట్టెతో, దొరికిపోయింది. ఆ మెట్ల మీద ఏం జరిగిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత ఉత్తరాలు లేవు. అక్కడ కొన్ని యుద్ధాలు, ఇక్కడ కొన్ని యుద్ధాలు వచ్చి వెళ్ళాయి. పోయిన నెల నజ్లా మనవరాలు ఫోన్లో వెతికి పట్టుకునేదాకా, ఒకరు బతికున్నట్టు ఇంకొకరికి తెలియలేదు.

ఆ మెట్ల నాటినుంచీ బదరియాకి వీడ్కోళ్ళంటే భయం. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, చివరికి రొట్టెల కొట్టుకైనా సరే, తిరిగి రావాలని వెనకాలే గిన్నెడు నీళ్ళు పోస్తుంది. ఆ ఇంటి గుమ్మం ముందు ఎండాకాలంలో కూడా బురదే.

పక్కింటికి వెళ్తూ ఆమె చేసిన పొరపాటు ఒకటే. నజ్లాకి చూపిద్దామని పెట్టెలోంచి తీసిన పాత ఆకుపచ్చ డైరీని వంటింటి బల్ల మీద వదిలేసింది.

కోడలు ఇంతిసార్ మంచి మనిషి. అత్తగారి డైరీ చదవకూడదని ఆమెకి తెలుసు. అందుకే ఒక్క పేజీతో ఆపేద్దామనుకుంది. ఆ పేజీలో ఇలా ఉంది: "ఈ రోజు నజ్లా నన్ను అందరి ముందూ బసత్ చేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. పడుకున్నాక కూడా పక్కటెముకలు నొప్పి."

ఇక్కడొక సంగతి చెప్పాలి. బసత్ అంటే బేరూత్‌లో సంతోషపెట్టడం. బాగ్దాద్‌లో బాదడం. హాస్టల్లో చేరిన మొదటి రోజే నజ్లా వచ్చి "నిన్ను ఎవరైనా బసత్ చేశారా?" అని అడిగితే, బదరియా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. సంగతి తెలిశాక, నవ్వుతారని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ మాటని మాత్రం బేరూత్ పిల్లల్లాగే వాడడం నేర్చుకుంది. టీవీ నాటకాలు చూసే ఇంతిసార్‌కి కూడా బేరూత్ అర్థం తెలియక కాదు. కానీ బాగ్దాద్ అత్తగారి చేతిరాతలో కనబడేసరికి బాగ్దాద్ అర్థమే తోచింది.

ఇక ఆపలేకపోయింది. "పెద్ద పంతులమ్మ తరగతిలో నన్ను నిలబెట్టి బసత్ చేసింది." "వానొచ్చి ఆటలు లేవు. పొద్దు పోయేదాకా నజ్లా నన్ను బసత్ చేస్తూనే ఉంది." "ఆదివారం నజ్లా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ, వాళ్ళ పెద్దమ్మ, ఆఖరికి మంచం దిగలేని వాళ్ళ నాయనమ్మ కూడా నన్ను బసత్ చేశారు. మళ్ళీ ఆదివారం రమ్మన్నారు."

మంచం దిగలేని ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇంతిసార్ ఏడ్చేసింది. అత్తగారు గుమ్మంలో ఎందుకలా నీళ్ళు పోస్తారో ఇప్పుడు అర్థమైంది. పాపం, చిన్నప్పుడే బెదిరిపోయిన మనిషి. వెంటనే బదరియా తమ్ముడు సత్తార్‌కి ఫోన్ చేసింది.

సత్తార్ బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు చుట్టాల తగవులు తీరుస్తున్నాడు. అందుకని బీరువాలో ఒక తలగుడ్డ ప్రత్యేకంగా ఉంచుకున్నాడు. అది కట్టుకుని ఇరవై నిమిషాల్లో వచ్చి, నాలుగు పేజీలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముందుగా పక్కింటి ఉమ్ జియాద్‌కి ఫోన్ చేసి, అక్కని కొట్టే మనిషి వస్తోందనీ, తాను చెప్పేవరకూ అక్కని ఇల్లు కదలనివ్వొద్దనీ చెప్పాడు. ఉమ్ జియాద్ వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి గుండెల దగ్గర దోపుకుంది. బదరియా భయపడుతుందని అసలు సంగతి చెప్పలేదు.

"ఈసారి గోరింటాకు మంచి రకం కాదు, తల్లీ. పట్టడానికి నాలుగు గంటలు పడుతుంది," అంది.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి బదరియాకి కారు దిగుతున్న నజ్లా కనిపించింది. తల ముగ్గుబుట్ట అయిపోయింది గానీ నడక మాత్రం అదే నడక. అరగంట ముందే వచ్చేసింది.

నజ్లా లోపలికి వచ్చి కూర్చుంది. ఇంతిసార్ మర్యాద కోసం కాఫీ తెచ్చింది గానీ, మర్యాద అక్కడితో అయిపోయింది.

"మీరు మా అత్తయ్యని బసత్ చేసేవారటగా," అంది నిలబడే.

నజ్లా మొహం వెలిగిపోయింది. "రాసుకుందా? రోజూనమ్మా. వచ్చిన కొత్తలో ఒక మూల కూర్చుని ఏడుస్తూ ఉండేది. ఇలా కాదని నేనే పట్టుకున్నాను."

"మీ అమ్మగారు కూడానా?"

"మా అమ్మ నాకంటే రెండాకులు ఎక్కువే. ఆవిడ చేతి రుచి ఒక్కసారి చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు."

"మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"ఇప్పుడూ అందుకేగా. మూడింటికల్లా వెళ్ళిపోవాలి. ఉన్నంతసేపూ బసత్ చేసి పోతాను."

ఇంతిసార్ వంటింట్లోకి వెళ్ళి అప్పడాల కర్ర దాచేసి వచ్చింది. సత్తార్ గొంతు సవరించుకుని, తన కాఫీ తాగకుండా కప్పు ముందుకు నెట్టి పెట్టాడు. న్యాయం జరిగేదాకా కాఫీ తాగనని దాని అర్థం. బాగ్దాద్‌లో అది చూస్తే ఎంతటివాడికైనా గుండె జారుతుంది.

"మీక్కూడా షుగరా అండీ?" అంది నజ్లా జాలిగా. "నేనూ మానేశాను."

సత్తార్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. చరిత్ర దేన్నీ మరిచిపోదన్నాడు. పసితనంలో పడిన దెబ్బ అరవై ఏళ్ళయినా మానదన్నాడు. నలుగురి ముందూ ఒక్క మాట, తప్పయిపోయిందని, అనేవరకూ తన అక్క ఈ గది గుమ్మం తొక్కదన్నాడు.

నజ్లా మొహంలో వెలుగు పోయింది. చాలాసేపు తన కుడి అరచేతి వంక చూసుకుంది.

"ఇంకా మరిచిపోలేదన్నమాట," అంది నెమ్మదిగా. తరవాత చేతిసంచీ తీసుకుని లేచింది. "మొహం చూడడం ఇష్టం లేదంటే సరే. నేనొచ్చానని మాత్రం చెప్పండి."

బదరియా అక్కడ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. నజ్లా మళ్ళీ గుమ్మంలోకి రావడం, ఫోన్ తీసి కొడుకుని పిలవడం చూసింది. అప్పుడే పన్నెండు దాటింది. తాళంచెవి ఇమ్మంటే ఉమ్ జియాద్ గోరింటాకు గురించి చెబుతోంది. బదరియాకి మళ్ళీ ఆ మెట్లు, ఆ పెట్టె గుర్తొచ్చాయి. ఈసారి వెళ్ళిపోయేది రెండోమనిషి, అంతే తేడా. ఆమె మేడ మెట్లెక్కింది. రెండు మేడలకీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి దాన్ని ఎలా దాటిందన్నది ఇప్పటికీ ఆ వీధిలో చర్చే. దాటి, తన ఇంటి మేడ మెట్లు దిగి, వసారాలోకి వచ్చి నిలబడింది. గోరింటాకు నీళ్ళు ఎర్రగా నుదుటి మీంచి గడ్డం దాకా కారుతున్నాయి.

ఇంతిసార్ కెవ్వుమంది. సత్తార్ తలగుడ్డ జారిపోయింది.

"ఇంకా ముట్టుకోనేలేదు కదే ఆవిడ," అన్నాడు కోడలితో.

"ఒరే సత్తార్, పక్కకి తప్పుకో," అంది బదరియా. "నజ్లా, వెళ్ళకు. గోరింటాకే."

నజ్లా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఎర్రటి మొహాన్ని ఎగాదిగా చూసి, అరవై ఏళ్ళ కిందట అడిగినట్టే అడిగింది. "నిన్ను ఎవరైనా బసత్ చేశారా?"

బదరియా ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. ఆ రెండూ అయ్యాక, కోడలి చేతిలో డైరీ చూసి, మొదటిసారి ఆ మాట గురించి అందరికీ చెప్పింది. నజ్లా పొట్ట పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడింది. సత్తార్ తన చల్లారిన కాఫీ తీసుకుని, ఎవరూ చూడకుండా, ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆ తరవాత దోల్మా తిన్నారు. అడుగంటింది గానీ ఎవరూ ఆ మాట అనలేదు. ఇంతిసార్ చేసిన పొరపాటుకి శిక్షగా డైరీ అంతా మొదటినుంచీ, ఈసారి బేరూత్ అర్థంతో, గట్టిగా చదివింది. మంచం దిగలేని నాయనమ్మ దగ్గర నజ్లా కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఎండు అంజూరాలు దిండు కింద దాచి పెట్టేదట. మూడింటికి కారు హారన్ వినిపించేసరికి చివరి పేజీకి వచ్చారు.

"ఈ ఉదయం మెట్ల మీద నజ్లా నన్ను ఎంత బసత్ చేసిందో. బస్సెక్కి మూడు గంటలైంది. ఎడమ చెంప ఇంకా ఎర్రగానే ఉంది," అని చదివి ఇంతిసార్ నిట్టూర్చింది. "ముద్దులు పెట్టి పంపారన్నమాట. చూశారా మావయ్యా, ఎంత ప్రేమో."

సత్తార్ తలగుడ్డ చెంగుతో కళ్ళద్దుకున్నాడు. నజ్లా లేచి, బదరియా ఎడమ చెంప మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంచింది. కారు కదిలాక బదరియా గిన్నెతో కాకుండా బకెట్టుతో నీళ్ళు పోసింది.

ఆ చివరి పేజీ ఒక్కటి మాత్రం ఆమె అచ్చమైన బాగ్దాదీలో రాసుకుంది.