హాల్వర్సన్ వారి రక్తం బండి

శనివారం ఉదయం ఆరుంపావుకి ఇంటి ముందు నుంచి కదలాలి. పదింటికల్లా బక్‌హార్న్ పార్కు చేరాలి. పదకొండుకల్లా కూతురు రోలర్ కోస్టర్ వరసలో ఉండాలి. ఎల్డన్ హాల్వర్సన్ వేసిన ప్లాను ఇంతే. ఇంతమాత్రానికే దాన్ని టైపు చేసి, నాలుగు కాపీలు తీసి, ఇంట్లో తలా ఒకటి పంచాడు. భార్య ట్రుడీ తన కాపీని మడిచి కాఫీ కప్పు కింద పెట్టుకుంది. ఎల్డన్ అత్తగారు ఆర్డిస్ చదవకుండానే చేతిసంచిలో పడేసుకుంది. తొమ్మిదేళ్ళ ఫెర్న్ ఒక్కతే మంచం పక్క గోడకి అంటించుకుని వారం రోజులు రోజూ చదివింది.

చదవదూ మరి! ఆ రోలర్ కోస్టర్ పేరు ఓల్డ్ మ్యూల్. డెబ్భై ఏళ్ళనాటి చెక్క కట్టడం. నలభై ఎనిమిది అంగుళాల ఎత్తు లేనివాళ్ళని ఎక్కనివ్వరు. రెండేళ్ళు వరసగా ఫెర్న్ గంటలకొద్దీ క్యూలో నిలబడీ, తీరా కొలబద్ద దగ్గర వెనక్కి తిరిగొచ్చింది. ఈ ఏడు చెప్పుల్లేకుండా నలభై ఎనిమిదీ పావు. ఆ సంగతి తెలిసిన వారానికే కబురొచ్చింది: శనివారం మధ్యాహ్నం పన్నెండుకి మ్యూల్ ఆఖరి సవారీ, ఆ పైన కూల్చేస్తారు.

అందుకే ఎల్డన్ పెద్ద ఎత్తున ఏర్పాట్లు చేశాడు. విస్కాన్సిన్‌లో ఊరూరా తిరిగి ఇళ్ళ హీటర్లు బాగుచేసే మనిషి, జన్మలో ఎప్పుడూ చెయ్యనిది ఒక ఆర్వీ అద్దెకి తెచ్చాడు. పడకలూ పొయ్యీ ఫ్రిజ్జూ స్నానాల గదీ అన్నీ ఉన్న ముప్పై అడుగుల తెల్ల బండి. పార్కులో ఆర్వీలు ఆపే చోట పద్నాలుగో నంబరు స్థలం కూడా ఫోన్లో గంటసేపు వాదించి మరీ పట్టాడు.

ఆరుంపావుకి బండి కదిలింది. ఆరూ పదహారుకి ఆగింది. తలుపు కింద మడతమెట్టు లోపలికి తొయ్యడం మరిచిపోయాడు. అది వెళ్ళి పక్కింటివాళ్ళ ఉత్తరాల పెట్టెని స్తంభంతో సహా పడగొట్టింది.

"ఎల్డన్, ఏదో తగిలింది," అంది ట్రుడీ.

"తగల్లేదు."

"నాన్నా, వాళ్ళ పెట్టె మన మెట్టుకి వేలాడుతోంది," అంది ఫెర్న్ కిటికీలోంచి.

పెట్టె మళ్ళీ నిలబెట్టి, పక్కింటాయనకి క్షమాపణ చెప్పుకుని, వంగిపోయిన మెట్టుని లోపలికి లాగేసరికి ఎల్డన్ బొటనవేలు చర్రుమని తెగింది. ఆర్డిస్ నలభై ఒక్కేళ్ళు నర్సు పని చేసి విరమించిన మనిషి. అల్లుడి వేలు చూసి పెదవి విరిచింది.

"ఇదో దెబ్బా అబ్బాయ్? గుడ్డ చుట్టి నడుపు."

గిన్నెలు తుడిచే తెల్ల తువ్వాలు చుట్టుకుని నడిపాడు. ట్రుడీ సీటు మీది అటక పడక ఎక్కింది. "ఆరు నెలల్నించి నాకు సరైన నిద్ర లేదు. ఈ రెండు రోజులూ నా సెలవు. నన్ను లేపినవాళ్ళతో మాట్లాడను," అని చెవుల్లో దూది పెట్టుకుని తెర లాగేసింది.

పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పది నలభై. తువ్వాలు సగం ఎర్రబడింది. కాపలా మనిషి చేతిలో కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తెల్లబండిని ఎగాదిగా చూశాడు.

"రక్తమేనా?" అన్నాడు.

ఎల్డన్ చెయ్యి ఎత్తి చూపించాడు. "రక్తమే. పెద్ద విశేషమేం కాదు."

"అయ్యో, పొద్దుట్నించీ మీ కోసమే చూస్తున్నారు సార్! ఎంతమంది?"

"నలుగురం."

"బాగా ఆలస్యం చేశారే."

"మెట్టు విరిగింది."

"సరే సరే, ఎడమవైపు చిన్న గేటులోంచి పోండి. మ్యూల్ వెనకాలే మీకు చోటు ఉంచారు." కాపలా మనిషి మెళ్ళో వేసుకునే నాలుగు నారింజరంగు కార్డులు చేతిలో పెట్టాడు. "ఇవుంటే ఎక్కడా ఆపరు."

ఎల్డన్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. పద్నాలుగో నంబరు అడిగితే ఏకంగా మ్యూల్ వెనకే ఇచ్చారు! "చూశారా అత్తయ్యా, ఫోన్లో గట్టిగా మాట్లాడితే ఇలా ఉంటుంది."

బండి ఆపిన రెండు నిమిషాల్లో ఇద్దరు పనివాళ్ళు తోపుడుబండి మీద నారింజరసం సీసాలూ, అట్టపెట్టెల నిండా బిస్కెట్లూ తెచ్చి వంకరమెట్టు పక్కన దించి, సలాము చేసినట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.

"ఇన్నెందుకు నాన్నా?" అంది ఫెర్న్. "వంద మందికి సరిపోతాయి."

"పెద్ద పార్కమ్మా, పెద్ద మనసు," అన్నాడు ఎల్డన్, ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుంటూ. పదకొండు కావస్తోంది. కూతురి చెయ్యి పట్టుకుని మ్యూల్ వైపు పరుగు తీశాడు.

ఆఖరి సవారీకి ఇరవైనాలుగు సీట్లు. ముందొచ్చినవాళ్ళకి ముంజేతికి ఎర్ర రిబ్బను కడుతున్నారు. ఫెర్న్‌ని చెప్పులు విప్పించి కొలబద్ద కింద నిలబెట్టారు. ఆ పిల్ల ఊపిరి కూడా పీల్చలేదు. కట్టారు రిబ్బను. ఇరవైరెండు ఆమెది, ఇరవైమూడు ఎల్డన్‌ది. చివరి రిబ్బను దొరికిన ఆవిడ పేరు రోండా. భుజాలు ఇంత వెడల్పు, గొంతు అంతకన్నా వెడల్పు. రిబ్బను దొరకనివాళ్ళు చూడ్డానికైనా ఉంటామని కంచె చుట్టూ మూగారు.

ఇక్కడ ఆర్వీలో ఆర్డిస్ కాళ్ళు చాపుకుని ఊలు అల్లడం మొదలుపెట్టిందో లేదో, తలుపు దగ్గర పార్కు బట్టల్లో ఒక కుర్రది తల లోపలికి పెట్టింది.

"ఇక్కడేనా అండీ? మీరేనా నర్సు?"

నర్సు కాదనడం ఆర్డిస్ వల్ల ఎప్పుడూ కాలేదు. అల్లుడు గేటు దగ్గర గొప్పలు చెప్పి ఉంటాడనుకుంది. "నేనే. రా, కూర్చో. ఏమిటి సంగతి?"

పిల్ల కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచి చాపింది. చాపిన చేతిని చూసి ఊరుకునే మనిషి కాదు ఆర్డిస్. ఎక్కడికెళ్ళినా చేతిసంచిలో ఉండే బీపీ పట్టీ తీసి చుట్టింది, గాలి కొట్టింది, చూసింది.

"భేషుగ్గా ఉంది. వెళ్ళి పని చూసుకో."

"అదేమిటండీ? తీసుకోరా?"

"నీ దగ్గరేముందని తీసుకోను? బిస్కెట్టు తిని వెళ్ళు."

ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని బయటికెళ్ళి, తన రక్తం పనికిరాదన్నారని అందరికీ చెప్పింది. దాంతో మిగతావాళ్ళకి పట్టుదల వచ్చింది. పాప్‌కార్న్ అమ్మేవాళ్ళూ, టికెట్లు చింపేవాళ్ళూ, ఎలుగుబంటి వేషంలో తల చంకన పెట్టుకున్న మనిషీ, అందరూ వంకరమెట్టు ముందు వరస కట్టారు. ఆర్డిస్ అందరి చేతులూ చూసింది. ఒకరికి ఉప్పు తగ్గించమంది, ఒకరిని సిగరెట్లు మానమంది, ఎలుగుబంటిని నీళ్ళు తాగమంది. ఒక్కరి దగ్గరా చుక్క రక్తం తీసుకోలేదు. ఈ నర్సుకి ఎవరి రక్తమూ ఆనడం లేదని పార్కంతా పాకింది.

పదకొండున్నరకి డెల్మార్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముప్ఫైనాలుగేళ్ళుగా మ్యూల్ మీట పట్టుకున్న చెయ్యి అతనిది. ఆ చేతికి పట్టీ చుట్టిన ఆర్డిస్ ఒకటికి రెండుసార్లు చూసింది.

"నూట తొంభై! నడుచుకుంటూ ఎలా వచ్చావయ్యా నువ్వు? ఆ వెనక పరుపు మీద పడుకో."

"పన్నెండుకి బండి నడపాలమ్మా."

"నువ్వు నడిస్తే కదా అది నడిచేది! పడుకో."

డెల్మార్ పడుకున్నాడు. ఆర్డిస్ ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసి ఎలుగుబంటి చేతికిచ్చి ఆఫీసుకి పంపింది.

పన్నెండు కొట్టింది. మ్యూల్ కదల్లేదు. పన్నెండుంపావు అయింది. "అనివార్య కారణాల వల్ల..." అంది మైకు. పన్నెండున్నరకీ అదే మాట. ఎండ నడినెత్తిన మాడుతోంది. ఫెర్న్ ఒంటికాలి మీద నిలబడి, రిబ్బను వంకే చూస్తోంది. ఎల్డన్‌కి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నించీ దిగమింగుకున్న ఉత్తరాల పెట్టె, మెట్టు, వేలు, అన్నీ కలిసి గొంతులోకొచ్చాయి.

"పిల్లలతో ఆటలాడుతున్నారా వీళ్ళు?" అని అరిచాడు. "అనివార్య కారణాలట! ఎవడో బద్ధకస్తుడు ఎక్కడో పడుకుని ఉంటాడు!"

"బాగా చెప్పావు!" అంది రోండా. "పేరేమిటి నీది? పద, కాగితం రాద్దాం."

ఎల్డన్ రాశాడు. ముప్ఫైఒక్క మంది సంతకాలు పెట్టారు. 'బాధ్యులెవరో ఇప్పుడే మా ముందు నిలబెట్టాలి' అన్న వాక్యం అతని సొంతం. రోండా దాని కింద రెండు గీతలు గీసింది. ఎల్డన్ ముందు, రోండా వెనక, ఫెర్న్ ఆ వెనక, మేనేజరు గదిలోకి దూసుకెళ్ళారు.

మేనేజరు మిస్ పొలాస్కీకి అప్పటికే తల బద్దలైపోతోంది. "నన్నేం చెయ్యమంటారు సార్? నడిపేవాడు రక్తం బండిలో ఉన్నాడు. అక్కడి పెద్ద నర్సు లేవనివ్వడం లేదు."

"రక్తం బండేమిటి?"

"మా పనివాళ్ళ రక్తదానానికి పిలిపించాం. మ్యూల్ వెనకాల ఆగింది. తెల్లబండి."

ఎల్డన్ తన మెళ్ళోని నారింజరంగు కార్డు వంక చూసుకున్నాడు.

"ఇదిగో, రాసి మరీ పంపింది." ఆమె కాగితం చేతికిచ్చింది. 'డెల్మార్ లేవరాదు. లేపినవారిదే పూచీ. ఆర్డిస్, నర్సు.' ఎల్డన్ కాగితం తిప్పి చూశాడు. వెనక టైపు అక్షరాల్లో 'ఉదయం 6:15, బయల్దేరుట' అని ఉంది.

"అది అమ్మమ్మ రాత," అంది ఫెర్న్.

రోండా చేతిలోని సంతకాల కాగితాన్నీ, ఎల్డన్ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "మీ అత్తగారా?" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

నలుగురూ బండి దగ్గరికి పరిగెత్తారు. ట్రుడీ అటక మీద తెర వెనక గుర్రు పెడుతోంది. వెనక పరుపు మీద డెల్మార్ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. పక్కన ఆర్డిస్ ఊలు అల్లుకుంటోంది.

"అత్తయ్యా! బయట వంద మంది ఎండలో చస్తున్నారు! ఎంతుంది ఇతనికి?"

"నూట ముప్ఫై."

"తగ్గిందా? ఎప్పుడు?"

"పావుతక్కువ పన్నెండుకే."

"మరి లేపరేం!"

"అరవకు అబ్బాయ్. ఇంకాసేపు అన్నాడు, ఉండనిచ్చాను."

అందరూ డెల్మార్ వైపు చూశారు. అతను లేచి కూర్చోలేదు. "పన్నెండు దాటిపోతే ఇంక నడపమని అడగరనుకున్నా," అన్నాడు నెమ్మదిగా. "దాన్ని ముప్ఫైనాలుగేళ్ళు నేనే నడిపాను మిస్ పొలాస్కీ. ఆఖరిసారి ఆపే చెయ్యి కూడా నాదే కావాలా? ఇంకెవరైనా ఆపుకోండి."

ఎల్డన్ దగ్గర అంతసేపూ ఉన్న కోపం కాస్తా ఎటుపోయిందో తెలీలేదు. అది లేకుండా ఏం చెయ్యాలో కూడా తెలీలేదు. ఫెర్న్ మాత్రం అతన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"నన్ను రెండేళ్ళూ వెనక్కి పంపింది మీరే కదా?"

డెల్మార్ తల తిప్పి చూశాడు. "పసుపు టోపీ పిల్లవి. పోయినేడు ముప్పాతిక అంగుళం తక్కువ. ఏడవలేదు నువ్వు."

"ఇంటికెళ్ళి ఏడ్చా. ఇప్పుడు పావు ఎక్కువే. కావాలంటే కొలుచుకోండి."

అతను కొలవలేదు. కాసేపు ఆ పిల్ల ముంజేతి రిబ్బను చూశాడు. తర్వాత మంచం దిగి బూట్లు తొడుక్కున్నాడు. "ఒక షరతు," అన్నాడు. "నర్సమ్మ నాకు కనపడేలా ముందు సీట్లో కూర్చోవాలి."

ముందు సీటంటే రిబ్బను ఉండాలి. అందరి చూపులూ ఎల్డన్ ముంజేతి మీదికి వచ్చాయి. అతను పళ్ళతోనే ముడి విప్పుకున్నాడు. రెండో చేతికి తువ్వాలు ఉంది మరి.

ఒంటిగంటా పదికి మ్యూల్ కదిలింది. రోండా వరసలో అందరికీ చెప్పేసింది: ఆ పెద్దావిడ నడిపేవాడి ప్రాణం కాపాడిందనీ, సంతకాలు పెట్టించినవాడు ఆవిడ అల్లుడేననీ. ఆర్డిస్ మెట్లెక్కుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఎల్డన్ కంచె దగ్గరికొస్తే జరిగి చోటిచ్చారు, కావలసిన దానికన్నా చాలా ఎక్కువ. మొదటి దిగుడులో ఫెర్న్ వేసిన కేక పార్కంతా వినబడింది. రెండేళ్ళ ఎదురుచూపూ ఆ కేకలో ఉంది. ఆర్డిస్ ఒక చేత్తో కళ్ళజోడు పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో ఊపింది. బండి తిరిగొచ్చాక డెల్మార్ మీట లాగి, ఆపి, దాని మీద నుంచి చెయ్యి చాలాసేపు తియ్యలేదు. ఫెర్న్ వెళ్ళి అతని పక్కన నిలబడింది.

అసలు రక్తం బండి సంగతి ఆ తర్వాత తెలిసింది. అది పదకొండింటికే వచ్చింది. రక్తం బండి ముందే లోపలికెళ్ళింది కదా, ఇది హాల్వర్సన్ వాళ్ళ అద్దె బండి అనుకున్నాడు కాపలా మనిషి. ఆర్వీలు ఆపే చోట, హాల్వర్సన్ కుటుంబం పేరు మీదున్న పద్నాలుగో నంబరులో, వాళ్ళు డబ్బు కట్టిన కరెంటుతో, చల్లగా నిలబడి ఉంది. అందులోని నర్సులు ఒక్కరైనా రాకపోతారా అని ఎదురుచూస్తూ పేకాడుకుంటున్నారు. పార్కు పనివాళ్ళెవరూ రామన్నారు: ఒకసారి అవమానం చాలన్నారు.

చివరికి ఒకే ఒక్క దాత వచ్చాడు. ఎల్డన్ పరుపు మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. మెత్తటి పరుపు, చల్లటి గాలి, అడిగేవాళ్ళు లేరు, అరిచేవాళ్ళు లేరు. పది నిమిషాల తర్వాత నర్సు చేతికి పట్టీ వేసింది.

"అయిపోయిందండీ, ఇంక లేవచ్చు."

ఎల్డన్ కళ్ళు తెరవకుండానే రెండో చెయ్యి చాపాడు.