తొంభై రోజుల కాలువ బండ

ఇకమీదట దేశంలో ఏ పనీ ఆలస్యం కాదని విద్యామంత్రిగారు మైకులో ప్రకటించారు. ఎందుకంటే ఆ రోజే ప్రభుత్వ కళాశాలలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిగ్రీ మొదలైంది. పదింటికి మొదలవ్వాల్సిన సభ రెండున్నరకి మొదలైన మాట నిజమే గానీ, చప్పట్లు మాత్రం సరిగ్గా టైముకే పడ్డాయి.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో మేస్త్రి కూతురు ఒకతె. మూడేళ్లు ఆ పిల్ల ఒళ్లొంచి చదివింది. పనిని ఎన్ని ముక్కలు చెయ్యాలో, ఏ ముక్కకి ఏ రంగు గీత గియ్యాలో, ఆగిపోయిన పని గురించి ఎంత గౌరవంగా రాయాలో అన్నీ నేర్చుకుంది. పని చెయ్యడం ఒక్కటే సిలబస్‌లో లేదు. అది చదువుకోని వాళ్ల సబ్జెక్టని డిపార్ట్‌మెంట్ హెడ్డుగారి నిశ్చితాభిప్రాయం.

ఆఖరి సెమిస్టర్‌లో ఒక నిజమైన ప్రాజెక్ట్ చెయ్యాలి. కాలేజీ గేటు ముందు గజం వెడల్పు, నడుంలోతు మురుగుకాలువ ఉంది. రోజూ అందరూ దాన్ని దూకే లోపలికి రావాలి. లైబ్రరీ అటెండరమ్మ నిరుడు అందులో పడి, అప్పట్నించీ కర్ర పట్టుకుని నడుస్తోంది. దాని మీద బండ వేయిస్తానంది మేస్త్రి కూతురు.

"భేష్! ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు హెడ్డుగారు.

"మా నాన్నయితే ఒక్క పూటలో వేసేస్తాడండీ."

హెడ్డుగారి మొహం మాడిపోయింది. "ఒక్క పూటా! మరి ఫీజిబిలిటీ స్టడీ ఎప్పుడు? రిస్క్ రిజిస్టర్ ఎప్పుడు? వెళ్లి తొంభై రోజులకి చార్టు వేసుకురా."

వేసుకొచ్చింది. వేసుకురాక ఏం చేస్తుంది? నాలుగు నెలల్లోగా డిగ్రీ సర్టిఫికెట్ తెస్తే సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ ఉత్తరం రాసింది. ఆ ఉద్యోగం వస్తే నాన్న ఇక పరంజా ఎక్కక్కర్లేదు. ఆయన మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

కాలువకి అటు పక్కవాళ్లతో, ఇటు పక్కవాళ్లతో మూడు మీటింగులు జరిగాయి. రెండో మీటింగుకి వస్తూ ఒక సభ్యుడు కాలువలో పడ్డాడు. ఆయన్ని పైకి లాగడానికి ముందే రిస్క్ రిజిస్టర్‌లో పదిహేడో నంబరుగా ఎక్కించినందుకు హెడ్డుగారు పిల్లని మెచ్చుకున్నారు.

ఎనభై ఒకటో రోజు ఆదివారం. మూడు ఫైళ్లు కాలేజీలో పెట్టి రావడానికి నాన్న సాయం వచ్చాడు. కాలువ చూసి, "మూణ్ణెల్ల నించీ తిండి మానేసి నువ్వు చేస్తున్నది ఇదా తల్లీ?" అన్నాడు. అవునంది. ఆయన వెళ్లి, తను పనిచేసే సైటులో మిగిలిపోయిన రాతిబండలు రెండు తోపుడుబండి మీద తెచ్చాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఫైళ్ల కోసం తలుపు తియ్యడానికొచ్చిన అటెండరమ్మ కర్ర చంకన పెట్టుకుని అటూ ఇటూ మూడుసార్లు నడిచి, "నీ కడుపు చల్లగుండ నాయనా" అంది. ఆ పిల్లకి ఎంత గర్వమేసిందో!

సోమవారం హెడ్డుగారు బండ మీద నడిచి వచ్చి, లోపలికొచ్చాక ఉలిక్కిపడ్డారు.

"ఎవరు చేశారిది?"

"మా నాన్నండీ. పని అయిపోయింది కదండీ."

"అదేనమ్మా తప్పు! చార్టులో ఇవాళ ఏముంది? పనివాళ్ల కోసం అన్వేషణ. వెతక్కుండానే ఎలా దొరికారు? తొంభయ్యో రోజున మంత్రిగారు శంకుస్థాపన చెయ్యాలి. వేసేసిన బండకి శంకుస్థాపనేమిటి, నా మొహం!"

"ప్రారంభోత్సవం చేయిస్తే సరిపోతుంది కదండీ?"

"శిలాఫలకం మీద శంకుస్థాపన అని చెక్కేశారు! చార్టులో ఉన్నట్టు నేల మీద లేకపోతే మార్కుల్లేవు. నీ సర్టిఫికెట్ సంగతి నువ్వే చూసుకో."

ఇంటికెళ్లి భోరుమంది. నాన్న అంతా విన్నాడు. "పీకెయ్యమంటే పీకేద్దాం. అదెంతసేపు?"

"నీకు కోపం రావట్లేదా నాన్నా?"

"వచ్చింది. నీ సర్టిఫికెట్ చేతికొచ్చాక కోపపడతాను."

పీకడానికి కూడా చార్టు కావాలన్నారు హెడ్డుగారు. పదింటికి మొదలు, పన్నెండింటికి పూర్తి. మేస్త్రి పదకొండుకే పీకేశాడు. అటెండరమ్మ గేటు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆవిడ మొహం చూడలేక ఆ పిల్ల తల దించుకుంది.

తొంభయ్యో రోజున మంత్రిగారు పద్నాలుగుమంది పరివారంతో వచ్చి, రోడ్డు పక్కన శంకుస్థాపన చేశారు. శిలాఫలకం నిలబెట్టింది మేస్త్రే. ఇక కాలువ దాటి, గేటు లోపలే వేసిన వేదిక మీద డిగ్రీలు, బంగారు పతకం ఇవ్వాలి. మంత్రిగారి హోదాకి దూకడం నప్పదు. మేస్త్రి కాలువలోకి దిగి వీపు వంచాడు. మంత్రిగారు దాని మీద బూటు మోపి, దర్జాగా దాటేశారు.

బంగారు పతకం మేస్త్రి కూతురికే. డిపార్ట్‌మెంట్ చరిత్రలో గడువుకి గంట ముందే పూర్తయిన ఏకైక పని, ఆ బండ పీకుడు. మంత్రిగారు పతకం ఆ పిల్ల మెడలో వేసి, సర్టిఫికెట్ చేతికిచ్చి, కాలువ వైపు చూసి, "ఇంత చక్కటి ఏర్పాటుండగా ఇంకా బండ దేనికయ్యా?" అన్నారు. హెడ్డుగారు ఆ మాట ఫైల్లో రాసుకున్నారు.

అవతల పరివారం వరస కట్టింది. నాలుగో మనిషికే మేస్త్రి మోకాళ్లు వణకడం మొదలెట్టాయి. ఆ పిల్ల సర్టిఫికెట్ అటెండరమ్మ చేతిలో పెట్టి, మెడలో పతకంతోనే కాలువలోకి దూకింది. "నాన్నా, చాలు, లే!" అంటూ ఆయన్ని లేపడానికి పక్కన వంగింది.

"చూశారా సార్!" హెడ్డుగారు మంత్రిగారి వైపు తిరిగారు. "రద్దీ చూసి రిసోర్స్ ఎలా పెంచిందో! ఇలాంటి పిల్లలు వెయ్యికొకరుంటారు."

ఆమె తలెత్తేలోపే ఐదో ఆయన ఆమె వీపు మీద కాలు పెట్టేశాడు.