శశిబాల హస్తవాసి

ఒక పెద్ద అడవిలో, ధన్వంతరి స్వామి దయవల్ల, జబ్బులకు ఏ లోటూ లేదు. ముల్లు దిగిన కాళ్ళు, వాచిన దవడలు, తేనెటీగలు కుట్టిన ముక్కులు, అన్నీ సమృద్ధిగా ఉండేవి. అందుకని అక్కడ ఒక పెద్దాసుపత్రి కూడా ఉండేది. స్వామి ఇచ్చేటప్పుడు రెండూ కలిపే ఇస్తాడు కదండీ, రోగాన్నీ ఆసుపత్రినీ! రెండింటిలో దేని నుంచి ముందు కాపాడమని మొక్కుకోవాలో మాత్రం మనకే వదిలేశాడు.

ఆ ఆసుపత్రికి సూపరింటెండెంటు ఒక నక్క. పేరు జంబుకేశ్వరరావు. పేరులో శివుడున్నాడు గనక పిలిచినవాళ్ళకు పుణ్యం దక్కేది. వైద్యం దక్కేదా అని అప్పుడే అడక్కండి, అక్కడికే వస్తున్నాను.

ఆ ఏడు ఇంటర్న్‌షిప్‌కు వచ్చినవాళ్ళలో శశిబాల అనే కుందేలు ఉంది. చదువు అయిపోయింది. ఇక ఏడాది పాటు రోగుల మధ్య ఉండి పని నేర్చుకుంటే పట్టా ఇస్తారు. వాళ్ళ రాళ్ళగుట్ట మీద వైద్యం తెలిసిన ప్రాణి ఒక్కటీ లేదు. పట్టా పుచ్చుకుని అక్కడికి పోవాలని శశిబాల కోరిక.

"ముల్లు తియ్యడం, గడ్డ కొయ్యడం, కట్టు కట్టడం నేర్పించు స్వామీ. మా గుట్టకు నేనే ధన్వంతరినవుతాను" అని పొద్దున్నే దణ్ణం పెట్టుకునేది. చూశారా, దణ్ణం పెడుతూనే ఆ పిల్ల దేవుడి ఉద్యోగం మీద కన్నేసింది!

మొదటిరోజే వరహాలయ్య అనే అడవిపంది కుంటుకుంటూ వచ్చాడు. కాల్లో తుమ్మముల్లు. శశిబాల సంబరంగా పట్టకారు అందుకుంది.

"ఆగు తల్లీ, ముట్టుకోకు!" అంటూ జంబుకేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"ముల్లేనండీ. లాగితే వచ్చేస్తుంది."

"రాకపోతే? సగంలో విరిగితే? చీము పడితే? శశిబాల హస్తవాసి మంచిది కాదంటారు. ఆ మాట ఒకసారి పడిందంటే ఇక నీ దగ్గరికి ఈగ కూడా రాదు."

హస్తవాసి సంగతి మీకు నేను చెప్పాలా అమ్మా? గోడనిండా డిగ్రీలు తగిలించుకున్న డాక్టరును వదిలేసి, 'ఆయన చెయ్యి చల్లనిదటండీ' అని ఎక్కడో సందు చివర ఉన్నాయన దగ్గరికి మనమూ పోయినవాళ్ళమే. అడవిలోనూ అంతే. పైగా మృగరాజుకు ఆ పిచ్చి మరీ ఎక్కువ. 'ఏ ఆసుపత్రిలో అందరి హస్తవాసీ మచ్చ లేకుండా ఉంటుందో, దాని పెద్దను నా ఆస్థాన వైద్యుణ్ణి చేస్తాను' అని చాటింపు వేయించి ఉన్నాడు.

ఆ కుర్చీ మీద జంబుకేశ్వరరావుకు ఆశ. రోగిని ముట్టుకుంటేనే గదా హస్తవాసికి మచ్చ? ముట్టుకోకపోతే మచ్చెక్కడిది? ఇదీ ఆయన కనిపెట్టిన వైద్యం.

"మరి నేర్చుకునేదెలా సార్?" అంది శశిబాల.

"పిచ్చిదానా, నేర్చుకోవడం వేరు, ఎదగడం వేరు. నేర్చుకోవాలంటే రోగి కావాలి. ఎదగడానికి నువ్వొక్కదానివీ చాలు."

అలా మొదలైంది ఎదుగుదల సభ. ప్రతి సోమవారం ఇంటర్నులందరూ ఇప్పచెట్టు కింద చేరాలి. కళ్ళు మూసుకుని ఆత్మపరిశీలన చేసుకోవాలి. తరవాత ఒక్కొక్కరే లేచి తమ ఎదుగుదల లక్ష్యం చెప్పాలి. అవతల రోగులు మూలుగుతుంటే, ఆ మూలుగు ధ్యానానికి శ్రుతిలా ఉంటుందని జంబుకేశ్వరరావు అనేవాడు.

మొదటి సభలో అంజయ్య అనే కోతి లేచాడు. "పోయిన వారం నాలో తొందరపాటు ఉండేది సార్. ఈ వారం దాన్ని గుర్తించాను. వచ్చే వారం దాన్ని ఆప్యాయంగా పలకరిస్తాను."

"భేష్! చప్పట్లు!"

శశిబాల వంతు వచ్చింది. "నాకు ముల్లు తియ్యడం రాదు సార్. ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటాను."

సభంతా బిక్కచచ్చిపోయింది. జంబుకేశ్వరరావు జాలిగా నవ్వాడు. "ఇది లక్ష్యం కాదమ్మా, ఫిర్యాదు. 'ముల్లు పట్ల నా దృక్పథాన్ని విశాలం చేసుకుంటాను' అను. ఏదీ, అను."

పాపం, అంది. చప్పట్లు పడ్డాయి. చెప్పొద్దూ, ఆ చప్పట్లు చెవికి ఇంపుగానే ఉన్నాయి. చెవులు చూస్తే మరి అంత పొడుగు!

పెద్దనర్సు జాంబవతమ్మ అనే ఎలుగుబంటి మాత్రం గొణిగేది. "మీరు ఎదిగేలోపు వరహాలయ్య కాలు ఎదిగింది. చూడండి, తిరగలి అంత అయింది."

"సిస్టర్, మీలో అసహనం కనిపిస్తోంది. సోమవారం వచ్చి దాని గురించి మాట్లాడండి" అనేవాడు జంబుకేశ్వరరావు.

చివరికి వరహాలయ్య విసిగిపోయి, కాలు బండకేసి రాసి రాసి తనే ముల్లు ఊడబెరుక్కుని పోయాడు. 'శశిబాల పర్యవేక్షణలో కోలుకున్నాడు' అని ఆసుపత్రి ప్రకటించింది. పర్యవేక్షణ నిజమే. కిటికీలోంచి చూస్తూనే ఉంది.

నెలలు గడిచాయి. శశిబాల ఎదుగుదల సభకే వన్నె తెచ్చింది. కళ్ళు మూసిందంటే చెవులు వాటంతటవే వాలిపోయేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక కన్నీటి చుక్క రాల్చేది. చూసినవాళ్ళు కరిగిపోయేవారు. కత్తి ఏ వైపు పట్టుకోవాలో మాత్రం ఇంకా తెలియదు.

ఇంతలో అడవిలో ఒక మాట పాకింది. 'శశిబాల చేతిలో ఇంతవరకూ ఒక్క ప్రాణం పోలేదట!' అందులో అబద్ధం ముక్క కూడా లేదండీ. పక్క అడవుల నుంచి రోగులు వచ్చి బారులు తీరారు. ఆమె ముట్టుకోదు. 'మనకంత ప్రాప్తం లేదు' అనుకుని, ఆమె నిలబడ్డ చోట మట్టి కళ్ళకద్దుకుని పోయేవారు. ఆ మట్టి పూసుకుని తగ్గినవాళ్ళు ఊరూరా చెప్పారు. తగ్గనివాళ్ళు చెప్పడానికి మిగల్లేదు.

సరిగ్గా అప్పుడు మృగరాజు కుడి పంజా మీద సెగ్గడ్డ లేచింది. గుహలోంచి కబురొచ్చింది: 'ఆ చల్లని చెయ్యి కావాలి. ఇప్పుడే.'

దారిలో శశిబాల జంబుకేశ్వరరావు పక్కకు చేరింది. "సార్, నాకు గడ్డ కొయ్యడం రాదు."

"నాకు మాత్రం వచ్చా? ఇన్నేళ్ళు నెట్టుకురాలేదూ? నడువు."

గుహలో మృగరాజు పంజా చాపాడు. గడ్డ పండిన మారేడుకాయలా నిగనిగలాడుతోంది.

"కొయ్యమ్మాయ్. నొప్పి తగ్గిందా, నీకు పట్టా, మీ రావుగారికి ఆస్థానం. తగ్గలేదా, మధ్యాహ్నం భోజనానికి మీరిద్దరూ."

వెంట వచ్చిన జాంబవతమ్మ కత్తి అందించింది. శశిబాల దాన్ని తిరగేసి పట్టుకుంది. రాళ్ళగుట్ట కళ్ళ ముందు మెదిలింది. స్వామీ ధన్వంతరీ, ఒక్క గడ్డ కోసే విద్య ఇప్పటికిప్పుడు చేతిలోకి పంపవా! స్వామి పలకలేదు. ఏం పలుకుతాడు, సోమవారం సోమవారం వేరే దేవుణ్ణి కొలిచాక?

వచ్చిన విద్య ఒకటే. అదే నోట్లోంచి ఊడిపడింది.

"ప్రభూ, ముందు ఈ గడ్డ విషయంలో మీ లక్ష్యం ఏమిటి?"

"పగలడం!"

"అది ఫలితం ప్రభూ. లక్ష్యం అంటే లోపలి నుంచి రావాలి."

"లోపలి నుంచే సలుపుతోంది!"

"పోయిన వారం ఇది ఎలా ఉండేది, ఈ వారం ఎలా ఉంది, ఒక్కసారి కళ్ళు మూసుకుని..."

మృగరాజు కళ్ళు మూతపడలేదు సరికదా, ఎర్రబడ్డాయి. జంబుకేశ్వరరావుకు ఆస్థానం చేజారిపోతున్నట్టు కనిపించింది. పళ్ళికిలిస్తూ ముందుకు దూకాడు.

"అద్భుతమైన ఎదుగుదల ప్రభూ! ఇంత కొద్దికాలంలో ఇంతగా ఎదిగిన గడ్డను మా ఆసుపత్రిలో చూడనే లేదు. తమకు నా హృదయపూర్వక అభినందనలు!"

మృగరాజు చెయ్యెత్తి ఆ దవడ మీద ఒక్కటిచ్చాడు. కోపంలో ఏ చెయ్యో చూసుకోలేదు.

ఫట్‌మని నక్క దవడ, ఫటుక్కున సెగ్గడ్డ, రెండూ ఒక్కసారే పగిలాయి. జంబుకేశ్వరరావు దొర్లుకుంటూ పోయి పొదలో పడ్డాడు. మృగరాజు గుహ అదిరేలా గర్జించాడు. ఉన్నట్టుండి ఆ గర్జన తగ్గిపోయింది. చీము అంతా కారిపోయింది.

"ఓయమ్మ... హాయిగా ఉందే!"

చూస్తే ఎదురుగా శశిబాల, భయంతో కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ముడుచుకుని ఉంది. మృగరాజుకు అది సమాధిలా కనిపించింది.

"ముట్టుకోకుండానే నయం చేసింది! ఏం హస్తవాసి!"

"నేనేమీ చెయ్యలేదు ప్రభూ" అంది శశిబాల. ఆ గుహలో ఆమె అన్న నిఖార్సైన మాట అదొక్కటే.

"ఆహా, దానికి తోడు ఇంత వినయమా!"

పట్టా ఇచ్చాడు. ఆస్థాన వైద్యురాలిని చేశాడు. 'లేదు, మా గుట్టకు పోయి పని నేర్చుకుంటా' అని ఆ పిల్ల అంటుందేమోనని నేనూ ఎదురుచూశానండీ. మెళ్ళో దండ పడింది. దండ బరువుకు నోరు పెగల్లేదు.

జంబుకేశ్వరరావును తన ఆసుపత్రిలోనే మంచమెక్కించారు. దవడలో మృగరాజు గోరు విరిగి దిగబడింది. ఇంటర్నులందరూ చుట్టూ చేరి, ఆయన నేర్పిన విధంగా, కళ్ళు మూసుకున్నారు.

"సార్, మీ నొప్పిని మేం చాలా లోతుగా అర్థం చేసుకుంటున్నాం" అన్నాడు అంజయ్య.

"అర్థం చేసుకున్నది చాల్రా! ఎవరో ఒకరు లాగండ్రా!"

"అమ్మో, మా హస్తవాసి పాడైపోదూ సార్?"

ఆస్థాన వైద్యురాలు పరామర్శకు వచ్చింది. వెనక జనం, ముందు సన్నాయి. జాంబవతమ్మ పట్టకారు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "లాగమ్మా. తల నేను పట్టుకుంటాను. తప్పు జరిగితే నేనున్నాను. ఇవాళ నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటావు?"

శశిబాల చెయ్యి ముందుకు వెళ్ళింది. గోరు అంచు పట్టకారుకు తగిలింది కూడా. వాకిట్లోంచి ఎవరో అన్నారు, "ఆ చెయ్యి చూడవే, ఒక్క మచ్చ లేదు!"

చెయ్యి వెనక్కి వచ్చింది. శాలువాలోకి వెళ్ళిపోయింది. శశిబాల మెల్లగా కళ్ళు మూసుకుంది, చెవులు వాలాయి, ఒక కన్నీటి చుక్క రాలింది. జనం "గోవిందా" అన్నారు. జంబుకేశ్వరరావు "చచ్చాన్రా" అన్నాడు, కానీ గోవింద నామం హోరులో వినపడలేదు.

కథ విన్నవాళ్ళు వట్టి చేతులతో పోకూడదు గనక ఈ నీతి పట్టుకెళ్ళండి: ఏమీ చెయ్యని చెయ్యే అన్నిటికన్నా చల్లని చెయ్యి.