నలభై తలుపుల మీద పేరు

శుక్రవారం ఉదయం డెల్ బ్రాండ్‌వోల్డ్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తాను ప్రెసిడెంటుగా ఉన్న నెబ్రాస్కా కంపెనీ 'ప్రైరీ కంఫర్ట్ ఇంక్'ని పక్కనున్న వయోమింగ్‌లో నమోదు చేయించాలి. శనివారం అక్కడి రోడియో అనే ఎద్దుల పోటీల మైదానంలో నలభై తాత్కాలిక టాయిలెట్లు నిలబెట్టాలి. కాంట్రాక్టులో షరతులు రెండే. శుక్రవారం ఐదులోగా నమోదు పత్రం రావాలి. అందులో ఉన్న పేరే ప్రతి తలుపు మీదా ఉండాలి.

దారిలో టైరు పేలింది. వయోమింగ్ నమోదు ఆఫీసు చేరేసరికి సాయంత్రం నాలుగున్నర.

"నేనూ రానా? నీకో సంగతి చెప్పాలి," అంది ట్రక్కులో పక్క సీట్లో ఉన్న తల్లి వెర్నీస్. కంపెనీకి ఉన్న రెండో డైరెక్టరు ఆమే.

"ఆఫీసు గొడవలు నీకెందుకమ్మా? ట్రక్కులో కూర్చుని డోనట్లు తిను."

కౌంటర్లో ఉన్న గుమస్తా జోలీన్ కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. "ఈ పేరు మా రాష్ట్రంలో పోయిన వారమే రిజర్వయింది సార్. చేయించినవాళ్లు ఒప్పుకుని రాసిస్తే మీకిస్తాం. వాళ్లెవరంటే..."

"ఆ దొంగ పేరు చెప్పకండి, నాకు బీపీ! వేరే దారి లేదా?"

"మా రాష్ట్రం వరకు కంపెనీకి ఇంకో పేరు పెట్టుకోవచ్చు. డైరెక్టర్లు తీర్మానించి సంతకాలు పెట్టాలి."

డెల్ మూడు పేర్లు చెప్పాడు. మూడూ ఎవరో ఒకరివే. టైము నాలుగూ నలభై ఐదు. ఈ భూమ్మీద ఏ కంపెనీకీ ఉండదనిపించిన పేరు ఒకటి తట్టింది. గబగబా తీర్మానం గీకి ట్రక్కు దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, సంతకం!"

"ఏంటిది?"

"ఎప్పుడూ ఉండేదే. చదవక్కర్లేదు."

ఇరవై ఏళ్లుగా వింటున్న మాటే. పెట్టేసింది.

జోలీన్ కాగితం చూసింది, కంప్యూటర్ చూసింది, మళ్లీ కాగితం చూసింది. "సార్, ఈ పేరుగల ఆవిడే..."

"ఖాళీగా ఉందా, లేదా?"

"ఉంది."

"ముద్ర కొట్టండి!"

డెల్ పత్రంతో బయటపడేసరికి ఐదయింది, వెనకాలే ఆఫీసు తలుపులు మూసుకున్నాయి.

"మన పేరు ఎవడో కొట్టేశాడమ్మా. అయినా గట్టెక్కించేశా!"

"ఎవడూ కాదు, నేనే. ఎవరైనా లాగేసుకుంటారని నా పేరున రిజర్వ్ చేయించా. చెప్పబోతే డోనట్లు తినమన్నావు." వెర్నీస్ వేళ్లు తుడుచుకుని పత్రం అందుకుంది. 'వెర్నీస్ కంఫర్ట్ ఇంక్.' "ఒరేయ్, ఇది నలభై తలుపుల మీదా రాస్తావా?"

"అడుగెత్తు అక్షరాలతో," అన్నాడు డెల్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

శనివారం ఎద్దుల పోటీకి ముందు మైకు గర్జించింది. "అర్జెంటుగా ఉన్నవాళ్లు వెర్నీస్ దగ్గరికి పరిగెత్తండి!" రెండు వేల మంది చప్పట్లు కొట్టారు.

సోమవారం వెర్నీస్ ఒక కాగితం తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"ఎప్పుడూ ఉండేదే. చదవక్కర్లేదు."

మొన్నటి తప్పు గుర్తొచ్చి డెల్ చదవకుండానే సంతకం చేశాడు. ప్రెసిడెంటుగా అతను చేసిన చివరి సంతకం అదే.