పెద్దక్షరాల స్వరాలు

ఆ శనివారం పొద్దున్నే సొలొమోను మాస్టారు రెండు వందల పన్నెండు ఫైళ్లలో అక్షరాలు పెద్దవి చేద్దామని కూర్చున్నారు. జగ్గయ్యపేటలో చర్చి పాటల బృందానికి ఆయనే పెద్ద. పాటలన్నిటికీ స్వరాలు కట్టి, కంప్యూటర్లో టైపు చేసి పెట్టడానికి ఆయనకు ఆరేళ్లు పట్టింది. అయితే ముందు వరసలో పాడే దేవమణిగారు మొన్న నలుగురిలోనూ, "అక్షరాలు చీమల్లా ఉన్నాయి మాస్టారూ, కనపడకే తప్పులు దొర్లుతున్నాయి" అనేశారు. మర్నాడే నందిగామలో సభ. అక్కడ పరువు దక్కాలి.

నాలుగు ఫైళ్లకే మాస్టారి మెడ పట్టేసింది. కూతురు మహిమ చూసి జాలిపడింది.

"ఒక్కోటీ ఎన్నాళ్లు చేస్తావు డాడీ, లే. చిన్న ప్రోగ్రాం రాస్తా, అన్నీ ఒకేసారి మారిపోతాయి."

రాయడానికి పావుగంట, మారడానికి అర నిమిషం. మాస్టారు మొదటి ఫైలు తెరిచారు. క్రిస్మస్ పాట. ఒక్కో అక్షరం శనగగింజంత ఉంది. ఆనందం పట్టలేక, రెండు రకాలుంటే తికమకని పాత ఫైళ్లన్నీ తీసేశారు. సాయంత్రానికల్లా తనకొకటి కాక పన్నెండు పుస్తకాలు ప్రింటు తీయించి, బైండింగు చేయించి, అందరికీ పంచేశారు.

ఆదివారం బస్సు చిల్లకల్లు దాటాక ఆయన తన పుస్తకంలో రెండో పేజీ తిప్పారు. పైన ఫైలు పేరుతో వచ్చే పాట పేరు మారింది గానీ, కింద అవే క్రిస్మస్ స్వరాలు. మూడో పేజీలోనూ అవే. ఆ పూట పాడాల్సిన నూట ఏడో పాట పశ్చాత్తాపానిది. దాని కిందా క్రిస్మసే. ఫోన్ చేసి చెబితే మహిమ తన ప్రోగ్రాం తీసి చూసింది.

"మొదటి ఫైలునే అన్ని పేర్లతోనూ సేవ్ చేసేసినట్టుంది డాడీ. పోన్లే, పాతవి ఉన్నాయిగా?"

మాస్టారు ఫోన్ పెట్టేశారు. ఆరేళ్ల కష్టం పోయింది. ఇంకో గంటలో పరువు కూడా పోబోతోంది. పుస్తకాలు మూసేయమందామంటే కారణం చెప్పాలి.

నందిగామలో పన్నెండు మందీ పుస్తకాలు విప్పి, వాటి మీంచి చూపు తిప్పకుండా పాడారు. నూట ఏడో పాట ఎప్పటిలాగే వచ్చింది. ఒక్క స్వరం తప్పలేదు. మాస్టారు చెయ్యి ఊపుతూనే ఒక్కొక్కరి ముఖంలోకీ అనుమానంగా చూశారు.

వేదిక దిగాక దేవమణిగారు పుస్తకాన్ని ఆప్యాయంగా సంచిలో పెట్టుకున్నారు. "అక్షరాలు పెద్దవయ్యేసరికి ఎంత హాయిగా ఉందండి. చూసి పాడితే ఆ తీరే వేరు మాస్టారూ."

అంతలో నందిగామ బృందం పెద్ద ఫ్రాన్సిస్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"భలే పాడించారండి. ఆ స్వరాల ఫైళ్లు మాక్కూడా పంపండి సార్."

"మీ వాళ్లు స్వరాలు చూసే పాడతారా?"

ఫ్రాన్సిస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరూ చూడరండి. చేతిలో పుస్తకముంటే నిండుగా ఉంటుందని."

సోమవారం పొద్దున్నే మాస్టారు రెండు వందల పన్నెండు ఫైళ్లూ నందిగామ పంపించేశారు. పంపేముందు, చదివేవాళ్లు ఇబ్బంది పడకూడదని, అక్షరాలు ఇంకొంచెం పెంచారు.